ఎద్దుకు సుడులు చూస్తాం, తుపాకీకి గొట్టం చూడొద్దా?

ఎద్దును కొనేటప్పుడు మనం పళ్లు లెక్కపెడతాం, సుడులు చూస్తాం, నడిపించి చూస్తాం, కాడి కట్టి చూస్తాం. పాడి గేదె అయితే రెండు పూటలా పాలు పిండి చూడందే బేరం తెగనివ్వం. పాత ట్రాక్టరు కొనాలంటే తెలిసిన మెకానిక్కును వెంటబెట్టుకుని పోతాం. పంట కాపలాకని పాత జోడు గొట్టాల తుపాకీ కొనే రైతు మాత్రం ఒకే ఒక్క మాట అడుగుతున్నాడు: "కాగితాలు సరిగా ఉన్నాయా?" కాగితాలు సరిగా ఉంటే తుపాకీ కూడా సరిగా ఉన్నట్టే అనుకుంటున్నాడు. ఎద్దు మోసమైతే పోయేది డబ్బు. తుపాకీ మోసమైతే పోయేది గొట్టం కింద పట్టుకున్న ఎడమ చెయ్యి, లేదంటే కన్ను.

నల్లమల అంచు మండలాల్లో వేరుశనగ ఊడలు దిగే రోజుల నుంచి, మొక్కజొన్న పాలు పట్టే రోజుల నుంచి అడవి పందుల బెడద మొదలవుతుంది. ఆ రోజుల్లోనే మా సంఘం ఆఫీసుకు ఈ ప్రశ్న వస్తుంది. "ఫలానా వాళ్లింట్లో తాతల నాటి తుపాకీ ఉంది. పెద్దాయన కాలం చేశాడు. కొడుకులు అమ్మేస్తామంటున్నారు. తీసుకోమంటారా?" ఏటా నలుగురైదుగురు అడుగుతున్నారు. ఒక్కొక్కరికి విడిగా చెప్పే బదులు అందరికీ కలిపి ఇక్కడ రాస్తున్నాం.

మా అభిప్రాయం సూటిగా చెబుతాం. తీసుకోవాలా వద్దా అన్నది గొట్టం చెప్పాలి గానీ కాగితం చెప్పలేదు. ఆ గొట్టాన్ని పరీక్షించే మనిషిని రైతుకు అందుబాటులో పెట్టే బాధ్యత లైసెన్సు ఇచ్చే ప్రభుత్వానిది. లైసెన్సుకు రుసుము తీసుకుంటున్నారు, పోలీసు విచారణ చేస్తున్నారు, నంబరు రాసుకుంటున్నారు. అది పేలితే ఎటు పేలుతుందో మాత్రం ఎవరూ చూడడం లేదు. వాళ్లు చూసే రోజు వచ్చేదాకా మన జాగ్రత్త మనమే పడాలి.

ఈ తుపాకీలు ఎక్కడివి?

మన ఊళ్లలో కనిపించే పాత తుపాకీల్లో ఎక్కువ భాగం పక్కపక్కన రెండు గొట్టాలుండి, వెనక రెండు కొక్కేల్లాంటి హ్యామర్లు బయటికి కనిపించేవి. బొటనవేలితో హ్యామర్ వెనక్కి లాగి, ట్రిగ్గర్ నొక్కితే అది పిన్ను మీద కొడుతుంది, పిన్ను తూటా మడమను కొడుతుంది. వెనక నుంచి తూటా పెట్టే ఈ రకం ఇంగ్లండులో 1860ల నుంచి బాగా చలామణీలోకి వచ్చింది. 1875లో బర్మింగ్‌హాంలో ఆన్సన్, డీలీ అనే ఇద్దరు హ్యామర్‌ను లోపల దాచేసిన రకానికి పేటెంటు తీసుకున్నారు. ఆ తర్వాత ధనవంతులు దానివైపు మళ్లారు. హ్యామర్ తుపాకీ చౌక రకంగా మిగిలి, బర్మింగ్‌హాంలోనూ బెల్జియంలోని లీజ్ పట్టణంలోనూ ఇంకా చాలా ఏళ్లు తయారై, మన దేశానికీ దిగింది. జమీందార్లు, దేశ్‌ముఖులు, దొరల చేతుల్లో ఉండి, చేతులు మారి మారి ఇవాళ రైతుల ఇళ్లకు చేరింది. మన దేశంలోనే బీహార్‌లోని ముంగేర్ పట్టణంలో లైసెన్సున్న కార్ఖానాల్లో తయారైన జోడు గొట్టాల తుపాకీలు కూడా మన వైపు ఉన్నాయి.

అంటే మన ముందుకు వచ్చే తుపాకీకి యాభై ఏళ్లుండొచ్చు, నూట ఇరవై ఏళ్లుండొచ్చు. అమ్మేవాడికి దాని వయసు తెలియదు. "మా తాత దీంతో చిరుతను కొట్టాడు" అని కథ మాత్రం చెబుతాడు. కథకు విలువ కట్టొద్దు.

ముందు చట్టం సంగతి

1959 ఆయుధాల చట్టం 13వ సెక్షన్‌లో పంట రక్షణ అన్న మాట స్పష్టంగా ఉంది. నిజమైన పంట రక్షణకు ముందు నుంచి మందు దట్టించే తుపాకీకి లైసెన్సు ఇవ్వాలని, అది చాలదని అధికారికి నమ్మకం కలిగితే 20 అంగుళాలకు తగ్గని నునుపు గొట్టం తుపాకీకి కూడా ఇవ్వొచ్చని అందులో రాసి ఉంది. కాబట్టి మనం అడిగేది ఎవరి దయాదాక్షిణ్యం కాదు. దరఖాస్తులో పొలం సర్వే నంబరు, పంట, అడవికి దూరం, గతంలో జరిగిన నష్టం రాసి అడగాలి.

కొనే ముందు తెలుసుకోవాల్సినవి నాలుగు.

ఒకటి, మీ పేరున లైసెన్సు లేకుండా బేరం ఆడొద్దు. "తుపాకీ ఇప్పుడు తీసుకెళ్లు, కాగితాలు తర్వాత చూసుకుందాం" అనేవాడు మిమ్మల్ని జైలుకు పంపే మనిషి.

రెండు, సొంతానికి ఉంచుకున్న తుపాకీని ఒకరు మరొకరికి అమ్మాలంటే ముందుగా జిల్లా మేజిస్ట్రేటుకు గానీ దగ్గరి పోలీసు స్టేషన్ అధికారికి గానీ రాతపూర్వకంగా తెలియజేసి, 45 రోజులు ఆగాలి. ఈ 45 రోజులను మనం నష్టంగా చూడొద్దు. తుపాకీని పరీక్షించుకోవడానికి చట్టం ఇచ్చిన గడువుగా వాడుకోవాలి.

మూడు, యజమాని చనిపోతే ఆ లైసెన్సు ఆయనతోనే పోయింది. వారసులు ఆలస్యం లేకుండా తుపాకీని పోలీసు స్టేషన్‌లో గానీ లైసెన్సున్న డీలరు దగ్గర గానీ పెట్టి రసీదు తీసుకోవాలి. అటక మీద దాచిన తుపాకీని అమ్మజూపితే దాని దగ్గరకే పోవద్దు. ముందు వాళ్లను అప్పగించమనండి. ఆ తర్వాతే బేరం.

నాలుగు, తుపాకీ మీది నంబరూ లైసెన్సులోని నంబరూ ఒకటి కావాలి. గొట్టాల కింద, నడుము భాగం మీద, ముందు చెక్క ఇనుము మీద మూడు చోట్ల నంబరు చూడండి. ఒకచోట ఒకటి, మరోచోట మరొకటి ఉంటే రెండు తుపాకీలను కలిపి ఒకటి చేశారన్నమాట. నంబరును ఆకురాయితో రాకినట్టు, మళ్లీ కొట్టినట్టు అనుమానం వస్తే అక్కడే లేచి వచ్చేయండి. నంబరు చెరపడం నేరం. గొట్టం కోసి పొట్టి చేయడమూ నేరమే. గొట్టాల మూతి దగ్గర చూడండి. రెండు గొట్టాల మధ్య పెద్ద సందు ఉండి, దాన్ని సీసంతోనో టంకంతోనో పూడ్చినట్టు ఉంటే గొట్టం కోశారని అనుమానించాలి.

గొట్టాలు: ప్రాణమంతా ఇక్కడే

చేతికి ఇవ్వగానే మొదట తెరిచి చూడండి. రెండు గదులూ ఖాళీగా ఉన్నాయని కళ్లతో చూసి, వేలు పెట్టి చూసుకున్నాకే మిగతా పని. "ఖాళీదే లే" అన్న మాటను ఎవరు చెప్పినా నమ్మొద్దు, పెద్దవాళ్లు చెప్పినా సరే.

తర్వాత ముందు చెక్క తీసి, గొట్టాలను విప్పండి. పగటి పూట తెల్లటి గోడ వైపు గానీ ఆకాశం వైపు గానీ పెట్టి గొట్టంలోంచి చూడండి. సూర్యుడి వైపు వద్దు. బాగున్న గొట్టంలో వెలుతురు గుండ్రటి వలయాలుగా, చెరువులో రాయి వేస్తే వచ్చే అలల్లా, ఒకదాని లోపల ఒకటి కనిపిస్తుంది. వలయం ఒకచోట నొక్కుకుపోయి ఉంటే అక్కడ సొట్ట. ఒకచోట చుట్టూ నల్లటి ఉంగరంలా కనిపిస్తే అక్కడ గొట్టం ఉబ్బింది. సొట్టను మంచి పనివాడు సరిచేయగలడు. ఉబ్బు మాత్రం ప్రమాదం. గొట్టంలో మట్టో గుడ్డ పేలికో ఉండగా కాల్చినప్పుడు ఇనుము సాగి వచ్చేదే ఉబ్బు. సాగిన ఇనుము అక్కడ పలచబడి ఉంటుంది.

కంటికి అందనిది వేలికి అందుతుంది. బొటనవేలు, చూపుడువేలు గొట్టానికి ఇరువైపులా పెట్టి ఈ చివర నుంచి ఆ చివరకు మెల్లగా జరపండి. బియ్యంలో రాయి తగిలినట్టు ఎక్కడో తగులుతుంది.

లోపల తుప్పు గుంతలున్నాయేమో చూడండి. పాత తూటాల మందు, వాటి మడమలోని రసాయనం గొట్టాన్ని తినేస్తాయి. కాల్చి తుడవకుండా వానాకాలం మూలన పెట్టేసిన తుపాకీలో ఈ గుంతలు తప్పవు. మూతి దగ్గర నాలుగు చుక్కలుంటే సరిపెట్టుకోవచ్చు. తూటా గది నుంచి మొదటి జానెడు దూరంలో గుంతలుంటే ఒప్పుకోవద్దు. మందు మండినప్పుడు ఒత్తిడి అంతా ఆ జానెడులోనే ఉంటుంది.

ఇంకో మోసముంది. లోపల అద్దంలా మెరిసే గొట్టాన్ని చూసి మురిసిపోవద్దు. గుంతలు కనిపించకుండా లోపల రాపిడి పట్టించి మెరిపిస్తారు. గుంత పోతుంది, దానితోపాటు గొట్టం మందం కూడా పోతుంది. ఎంత పలచనైందో చెప్పే కొలత సాధనం తుపాకీ పనివాడి దగ్గర ఉంటుంది. ఎక్కడైనా మందం అర మిల్లీమీటరుకు తగ్గితే ఇంగ్లండు పనివాళ్లు కూడా దాన్ని పక్కన పెట్టేస్తారు. కాబట్టి మెరుపు చూసి బేరం చేయొద్దు, కొలత చూసి చేయండి.

ఇప్పుడు గంట పరీక్ష. విప్పిన గొట్టాల జతను కింది కొక్కెం దగ్గర ఒక వేలికి వేలాడదీసి, చెక్క పెన్సిలుతో మెల్లగా కొట్టండి. గుడి గంటలా సాగుతూ మోగితే గొట్టాలను కలిపిన అతుకు గట్టిగా ఉంది. పగిలిన కుండను కొట్టినట్టు "టప్" అంటే అతుకు ఊడింది, లేదా ఎక్కడో చీలిక ఉంది. కుండల దుకాణంలో మన ఆడవాళ్లు వేలితో కొట్టి చూసే పరీక్షే ఇది.

పోయిన ఏడాది మా మండలంలో ఒక సభ్యుడు బేరం చేసిన తుపాకీకి పైన కొత్తగా నల్ల రంగు ఉంది, కర్రకు వార్నిషు ఉంది, చూడ్డానికి పెళ్లికొడుకులా ఉంది. గొట్టాలు విప్పి పెన్సిలుతో కొడితే చప్పుడు చచ్చింది. నల్ల రంగు కింద గొట్టాల మధ్య పట్టీ రెండు జానల పొడవున ఊడి ఉంటే, ఎవరో మామూలు టంకంతో అతికి రంగు పూశారు. ఆయన ఇచ్చిన అడ్వాన్సు తిరిగి రాలేదు. రెండు చేతులూ మాత్రం ఉన్నాయి. ఆ అడ్వాన్సును మందుల ఖర్చు మిగిలిందనుకుని లెక్క రాసుకోమన్నాం.

గొట్టం మీద చీర అంచు నేతలాగా గోధుమ రంగు మెలికల గీతలు కనిపిస్తే అది డమాస్కస్ గొట్టం. ఇనుము, ఉక్కు పట్టీలను మెలేసి, కడ్డీ చుట్టూ చుట్టి, కొలిమిలో అతికి చేసింది. నల్ల మందు కాలానికి చేసిన పని. చూడముచ్చటగా ఉంటుంది. పొగలేని మందుకు పరీక్ష నెగ్గిన మంచి డమాస్కస్ గొట్టాలూ లోకంలో ఉన్నాయి. కానీ అతుకుల మధ్య తుప్పు దూరిందో లేదో మన కంటికి తెలియదు. రైతు చేతికి అది వద్దన్నది మా మాట. కొందరు ఆ గీతలు కనిపించకుండా నల్ల రంగు వేస్తారు. గొట్టాల అడుగున, ముందు చెక్క కప్పి ఉంచే చోట చూస్తే గుట్టు బయటపడుతుంది.

ముద్రలు, తూటా పొడవు

ఆవుకు చెవి పోగు ఉన్నట్టు, గొట్టం అడుగున చిన్న చిన్న ముద్రలుంటాయి. అవి పరీక్ష ముద్రలు. ఇంగ్లండులో లండన్, బర్మింగ్‌హాం పట్టణాల్లో ప్రభుత్వ చట్టం కింద పనిచేసే పరీక్షా కేంద్రాలున్నాయి. మామూలు తూటా కంటే బలమైన మందు పెట్టి కాల్చి చూసి, నిలబడిన గొట్టానికే ముద్ర వేస్తారు. కిరీటం కింద ఎన్‌పీ అని గానీ బీఎన్‌పీ అని గానీ ఇంగ్లీషు అక్షరాలుంటే అది పొగలేని మందుకు పరీక్ష నెగ్గింది. ఆ ముద్ర లేకపోతే నల్ల మందు కాలం తుపాకీ అనుకోవడమే క్షేమం. కోడిగుడ్డు ఆకారపు గీతలో ఈఎల్‌జీ అని ఉంటే బెల్జియంలోని లీజ్ పరీక్షా కేంద్రానిది. ముద్రలన్నీ ఫోను కెమెరాతో దగ్గరగా ఫొటో తీసుకుని, తెలిసినవాళ్లకు చూపించండి.

ఒక సంగతి మరవొద్దు. ముద్ర చెప్పేది ఆ రోజు సంగతి. ముద్ర పడ్డాక ఎనభై ఏళ్ల తుప్పు, రాపిడి, సొట్టలు దానికి తెలియవు. ఆధార్ కార్డు ఫొటోలో ఉన్న వయసు ఇప్పుడు మనకు లేనట్టే.

ఎక్కువ మందికి తెలియని ప్రమాదం తూటా పొడవు. మన దగ్గర వాడేవి ఎక్కువగా 12 బోర్ తుపాకీలు. పాత ఇంగ్లీషు తుపాకీల్లో తూటా కూర్చునే గది చాలావరకు రెండున్నర అంగుళాలు, అంటే 65 మిల్లీమీటర్ల తూటా కోసం చేసింది. ఇప్పుడు ఎక్కువగా దొరికేవి 70 మిల్లీమీటర్లవి. తమాషా ఏమిటంటే పొడవు తూటా పొట్టి గదిలో హాయిగా పడుతుంది, తుపాకీ మూసుకుంటుంది. ఎందుకంటే పెట్టె మీద రాసిన పొడవు కాల్చాక మూతి విచ్చుకున్న తూటా పొడవు. కాల్చినప్పుడు ఆ మూతి విచ్చుకోవడానికి చోటు లేక, గొట్టం సన్నబడే చోట అడ్డుపడుతుంది. గుళ్లు ఇరుకులోంచి తోసుకుపోవాలి, ఒత్తిడి పెరుగుతుంది. "పట్టింది కదా, పనికొస్తుంది" అనుకోవడం ఇక్కడ చాలా తప్పు.

కొలవడం కష్టం కాదు. గది ముగిసే చోట సన్నటి మెట్టులా కనిపిస్తుంది. గొట్టం వెనక అంచు నుంచి ఆ మెట్టు దాకా స్టీలు స్కేలుతో కొలవండి. మెట్టు సరిగా తేలకపోతే పనివాడి గేజీతో కొలిపించండి. తూటా పెట్టె మీద రాసిన పొడవు అంతకు మించకూడదు.

కీలు, బిగువు

తలుపు కీలు అరిగితే తలుపు కిందికి వాలుతుంది. తుపాకీ కీలు అరిగితే గొట్టాలకూ వెనక ఇనుప గోడకూ మధ్య సందు పడుతుంది. ఆ సందులోంచి మంట, ఇత్తడి రవ్వ మన ముఖం మీదికి వస్తాయి.

పరీక్ష ఇలా. ముందు చెక్క తీసేయండి. దాని స్ప్రింగు బిగువు వదులును దాచిపెడుతుంది. గొట్టాలు తగిలించి తుపాకీ మూసి, కర్ర మెడ దగ్గర పట్టుకుని కొద్దిగా ఊపండి. టకటక శబ్దం వస్తే వదులు. తర్వాత మూసిన తుపాకీని పక్క నుంచి వెలుతురుకు ఎదురుగా పెట్టి చూడండి. గొట్టాల వెనక వెలుతురు గీత కనిపిస్తే తీసుకోవద్దు. కొందరు రేకు ముక్క పెట్టి, లేదా కొక్కేన్ని సుత్తితో కొట్టి బిగువు తెప్పిస్తారు. కొక్కెం మీద సుత్తి దెబ్బల గుర్తులుంటే అదే సంగతి. నాలుగు తూటాలు కాలేసరికి మళ్లీ మామూలే.

హ్యామర్లు, ట్రిగ్గర్లు

ఖాళీ గదుల మీద హ్యామర్లు వదిలితే పిన్ను విరగొచ్చు. కాల్చేసిన ఖాళీ తూటాలు రెండు పెట్టి పరీక్షించండి. అప్పుడు కూడా మూతి నేల వైపే ఉండాలి.

ఒక్కో హ్యామర్‌ను పూర్తిగా లాగి, ట్రిగ్గర్ ముట్టకుండా బొటనవేలితో వెనక నుంచి గట్టిగా ముందుకు నెట్టండి. జారిందంటే లోపలి పన్ను అరిగింది. రెండింటినీ లాగి పెట్టి ఒక ట్రిగ్గరే నొక్కండి. రెండో హ్యామర్ కదలకుండా నిలబడాలి. రెండూ ఒకేసారి పడితే ఆ తుపాకీ ఒక రోజు రెండు గొట్టాలూ ఒకేసారి పేలుస్తుంది. లాగి పెట్టి, తుపాకీ మడమను అరచేత్తో చరచండి. అప్పుడూ పడకూడదు. ట్రిగ్గర్ బరువు చూడాలంటే మన కొక్కెం కాటా చాలు. కిలోన్నర నుంచి రెండు కిలోల లాగుడుకు పడితే సరి. అరకిలోకే పడితే చలికాలం రాత్రి మంచె మీద వణికే చేతికి అది యముడు.

హ్యామర్ కొట్టాక ఎక్కడ ఆగిందో చూడండి. తనంతట తాను కొద్దిగా వెనక్కి జరిగి నిలబడితే మంచి రకం. పిన్నును నొక్కిపట్టి అక్కడే ఉండిపోతే బాగా పాత రకం. పిన్ను మొన తూటా మడమకు ఆని ఉంటుంది. అలాంటి తుపాకీని తూటాతో మూసేటప్పుడే పేలే ప్రమాదం ఉంది. పంట కాపలాకు అది పనికిరాదు.

ఈ హ్యామర్ తుపాకీల్లో ఎక్కువ వాటికి విడిగా సేఫ్టీ మీట ఉండదు. లాగిన హ్యామర్‌ను కాల్చకుండా దించాలంటే ముందు తుపాకీ తెరిచి, తూటాలు తీసేసి, ఆ తర్వాతే దించాలి. తూటా ఉండగా బొటనవేలితో మెల్లగా దించుదామనుకుంటే, చెమట పట్టిన వేలు జారితే అయిపోయినట్టే. గట్టు దాటేటప్పుడు, కంచె దూరేటప్పుడు, మంచె ఎక్కేటప్పుడు తుపాకీ తెరిచే ఉండాలి.

కర్ర సంగతి చివర. చెయ్యి పట్టే సన్నటి మెడ దగ్గర చీలిక ఉందా, ఇత్తడి రేకుతోనో తీగతోనో కట్టారా చూడండి. మరల వెనక చెక్క ఏళ్ల నూనె తాగి నల్లబడి మెత్తబడిందా గోటితో నొక్కి చూడండి. మర స్క్రూల తలలు చెదిరి ఉంటే చేతకాని చేతులు లోపలికి దూరాయని గుర్తు. కర్రను బాగు చేయించుకోవచ్చు. ఊరి వెల్డింగు షాపులో గొట్టానికో కీలుకో వెల్డింగు చేసిన తుపాకీని మాత్రం ఉచితంగా ఇచ్చినా వద్దు.

"సంఘం తుపాకీల గురించి రాయడమేమిటి?"

ఈ అభ్యంతరం మా కమిటీలోనే వచ్చింది. తుపాకీ రైతు సమస్యకు పరిష్కారం కాదని కొందరు అన్నారు. ఆ మాట నిజమే, మేమూ ఒప్పుకుంటున్నాం. లైసెన్సు తుపాకీ ఇంట్లో ఉన్నంత మాత్రాన అడవి పందిని కాల్చే హక్కు రాదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం 11వ సెక్షన్ ప్రకారం, నిలబడి ఉన్న పంటకు ముప్పు తెస్తున్న జంతువును చంపడానికి అటవీ శాఖ అధికారి రాతపూర్వకంగా అనుమతి ఇవ్వాలి. అది లేకుండా కాలిస్తే పంట నష్టంతోపాటు కేసు కూడా మన నెత్తినే. అనుమతి లేని రోజుల్లో తుపాకీ చేసే పని చప్పుడు చేసి తరమడమే.

అయినా ఎందుకు రాశామంటే, తుపాకీ కొనకుండా ఉన్న రైతు ఏం చేస్తున్నాడో కూడా మేం చూస్తున్నాం. పొలం చుట్టూ కరెంటు తీగ లాగుతున్నాడు. పంది కోసం పెట్టిన తీగకు పక్క పొలం రైతు, నీళ్లు కట్టడానికి వచ్చిన కూలీ, చివరికి పెట్టినవాడే బలి అవుతున్నారు. రాత్రంతా మేలుకుని, పొద్దున్నే తవ్విపోసిన చేను చూసిన మనిషికి "ఓపిక పట్టు" అని చెబితే చెవికెక్కదు. తుపాకీ కొంటానన్నవాడిని మేం కొనమనీ అనం, వద్దనీ అనం. కొంటే చూసి కొనమంటాం.

అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి అన్న సామెత రైతుకు అన్ని చోట్లా వర్తిస్తుంది. కొత్త తుపాకీ ధర అందదు. పాతది అందుతుంది, దాని గుణం తెలియదు. ఈ ఇరుకులో రైతును ఒంటరిగా వదిలేయడమే మాకు అభ్యంతరం.

మన డిమాండ్లు

జిల్లా ఆర్మ్‌డ్ రిజర్వు పోలీసుల దగ్గర ఆయుధాలు మరమ్మతు చేసే ఆర్మరర్లు ఉన్నారు. నెలకో రోజు వాళ్లు రైతుల లైసెన్సు తుపాకీలను ఉచితంగా పరీక్షించి, గొట్టం మందం, గది పొడవు, బిగువు, ట్రిగ్గర్ల స్థితి రాసి చీటీ ఇవ్వాలి. చేతులు మారే ప్రతి పాత తుపాకీకి ఆ చీటీ తప్పనిసరి చేయాలి.

ఎన్నికలొచ్చినప్పుడల్లా తుపాకీలు స్టేషన్‌లో పెట్టమంటారు. పెడుతున్నాం. తిరిగి తీసుకునేటప్పుడు తుప్పు పట్టి, కర్ర చీలి వస్తే అడిగే దిక్కు లేదు. అప్పగించేటప్పుడు ఏ స్థితిలో ఉందో రసీదులో రాయాలి, పొడి గదిలో ఉంచాలి, ఎన్నికల కోడ్ ముగిశాక ఇన్ని రోజుల్లో తిరిగి ఇస్తామని గడువు చెప్పాలి. ప్రభుత్వం రాయకపోతే మనమే రాసి సంతకం అడగాలి, ఫొటో తీసి ఉంచుకోవాలి.

పనికిరాదని తేలిన తుపాకీని అప్పగించిన రైతుకు ఎంతో కొంత పరిహారం ఇవ్వాలి. లేకపోతే అది ఇంకో అమాయకుడి చేతికి అమ్ముడుపోతుంది.

అటవీ శాఖ అనుమతుల కోసం రైతు డివిజన్ ఆఫీసు చుట్టూ తిరిగేలోపు పంట అయిపోతోంది. అనుమతికి గడువు పెట్టాలి. పంట నష్ట పరిహారం అదే సీజన్‌లో ఇవ్వాలి. సోలార్ కంచెకు చిన్న రైతుకు అందేలా రాయితీ ఇవ్వాలి. ఇవన్నీ సరిగా జరిగితే ఈ వ్యాసమే అక్కర్లేదు. ఏ రైతూ సరదాకు తాతల నాటి తుపాకీ కొనడు.

సభ్యులకు మా విజ్ఞప్తి. లైసెన్సు తుపాకీ ఉన్నవాళ్లు ఈ వారమే దాన్ని ఖాళీ చేసి, పైన రాసినట్టు ఒక్కొక్కటి చూసుకోండి. అనుమానం ఉన్నవాటిని కాల్చడం ఆపేయండి. కొనాలనుకునేవాళ్లు అడ్వాన్సు ఇవ్వకముందే మండల కమిటీని కలవండి. వచ్చే నెల సమావేశంలో వినతిపత్రం మీద సంతకాలు చేయించి కలెక్టరు గారికి ఇస్తాం. ఆ సమావేశానికి తుపాకీలు తీసుకురావద్దు. మీరు చూసిన లోపాలు కాగితం మీద రాసుకుని రండి. ఎన్ని కాగితాలు వస్తే మన డిమాండుకు అంత బలం.